మరక పడని చెయ్యి

"అన్నం తినే బల్ల మీద ఇవేమిటి? ఎవరు పెట్టారిక్కడ?"

పెద్దకోడలి కేకకి కింద మా లాండ్రీలో ఇస్త్రీపెట్టెలు కూడా ఆగిపోయి ఉంటాయి.

బల్ల మీద ఏమున్నాయి గనక? డబ్బాలు. వేలెడంత డబ్బాలు, ఎర్రమూతలు. ప్రతి మూతకీ లోపలివైపు ఓ బుల్లి చెంచా అతికించి ఉంది. ఒక్కో డబ్బా మీద ఒక్కొక్కరి పేరు అంటించారు, ఇంట్లో ఎవర్నీ వదలకుండా.

"ఖాళీవే అక్కా," అంది చిన్నకోడలు. "ఆస్పత్రిలో ఇచ్చారు. రేపు పొద్దున్నే అందరూ ఎవరిది వాళ్ళు..."

"చాలు తల్లీ, చాలు! మిగతాది నోటితో చెప్పకు. చెంచా కూడా పెట్టారు చూడండి అత్తయ్యా, కొసరి కొసరి వడ్డించుకోమని!"

మామూలప్పుడైతే నేను పకపకా నవ్వేదాన్ని. పెద్దకోడలి నోరు అలాంటిది, కోపంలో కూడా నవ్వించగలదు. ఆవేళ నవ్వు రాలేదు. 

మా పిచ్చుక ఉతికిన దుప్పట్ల కుప్ప మీద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నప్పటి నుంచీ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. పిచ్చుకంటే నా చిన్నకొడుకు కూతురు. పెద్దమ్మ ముద్ద కలిపితే చాలు, పిట్టపిల్లలా నోరు తెరుచుకుని ముందుకొస్తుంది. అందుకని ఆ పేరు. బళ్ళో ఒకసారి ఇలాగే పడిపోయిందన్నారు గానీ కళ్ళారా చూడలేదు. ఈసారి చూశాం. తెల్లటి దుప్పటి మీద ఆ నురగ, ఆ వెనక్కి తిరిగిన కళ్ళు.

పెద్దవాడు మెట్లెక్కి వచ్చాడు. వాడి వెనకే తమ్ముడు.

"ఏమిటీ గోల?"

"మీరే చూడండి. ఇంటిల్లిపాదీ దొడ్డికెళ్ళి డబ్బాల్లో పట్టి పంపాలట. మీ మరదలుగారు తెచ్చిన బహుమతులు!"

పెద్దవాడు తన పేరున్న డబ్బాని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, చచ్చిన బొద్దింకని విసిరినట్టు కిటికీ గట్టు మీదికి విసిరేశాడు.

"అమ్మా, నేను మొన్నే చెప్పాను. మూర్ఛ వంశంలో వస్తుంది. మన వంశంలో లేదు. మరి ఎక్కడి నుంచి ఊడిపడింది? వాళ్ళ వైపు ఎవరికో ఉంది, దాచిపెట్టి మనకి అంటగట్టారు. బండి మాట్లాడాను. ఎల్లుండి తల్లీ కూతుళ్ళిద్దర్నీ వాళ్ళ పుట్టింట్లో దింపి రమ్మన్నాను. ఈ డబ్బాలూ గిబ్బాలూ వాళ్ళింట్లో పెట్టుకోమను."

చిన్నకోడలు భర్త వంక చూసింది. వాడు నేల వంక చూశాడు.

నా చిన్నకొడుకు నాలుక తడిసిన సబ్బుబిళ్ళ. పట్టుకుందామనుకునేలోపే జారిపోతుంది. కన్నతల్లిని, నేనే చెబుతున్నాను. ఆ నిమిషంలో వాణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోయింది.

"అది వంశంలో వచ్చే మూర్ఛ కాదు బావగారూ," అంది చిన్నకోడలు నెమ్మదిగా. "డాక్టరమ్మ చెప్పింది. అత్తయ్య కూడా విన్నారు."

విన్నాను. ఎందుకు విన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ముందురోజు చిన్నకోడలికి తోడు నేనే వెళ్ళాను ఆస్పత్రికి. నరాల డాక్టరమ్మ మా పిచ్చుక తల లోపలి బొమ్మని వెలుతురు పెట్టె మీద అతికించి చూపించింది. ముక్కలుగా కోసిన ముల్లంగి చక్రంలా ఉంది. దాంట్లో అక్కడక్కడా గుండ్రటి నీటిబుగ్గలు. ఒక్కో బుగ్గలో ఒక్కో తెల్లచుక్క.

"ఆ చుక్కేమిటమ్మా?" అన్నాను.

"పురుగు తల," అంది డాక్టరమ్మ.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఊరంతా వాంతులూ విరేచనాలూ వచ్చి ఆస్పత్రి వరండాల్లో కూడా మనుషుల్ని పడుకోబెట్టారు. ఆ దుప్పట్లన్నీ ఉతికింది మేమే. ముక్కుకి గుడ్డ కట్టుకుని కర్రతో పైకెత్తి వేడినీళ్ళ గంగాళంలో వేసేదాన్ని. అప్పుడు కూడా నాకు కడుపులో తిప్పలేదు. ఈ చుక్క చూసేసరికి కుర్చీ పట్టుకున్నాను.

"మీ ఇంట్లో పందిమాంసం తింటారా?"

"రామరామ! అసలు మాంసమే వండం. ఉతికిన బట్టకి మాంసం వాసన పడితే బేరం పోతుందని మా ఆయన పెట్టిన నియమం."

"పాప తిననక్కర్లేదమ్మా. సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్న మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. తింటారు, తిరుగుతారు. కానీ దాని గుడ్లు మలంలో పడతాయి. కంటికి కనబడవు. దొడ్డికెళ్ళొచ్చి చెయ్యి సరిగ్గా కడుక్కోకపోతే గోళ్ళ సందుల్లో ఉండిపోతాయి. ఆ చేత్తో ఎవరికి అన్నం పెడితే వాళ్ళ కడుపులోకి పోతాయి. అక్కడ పిల్లలై, పేగు గోడ తొలుచుకుని, రక్తంలో పడి కొట్టుకుపోయి, ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ ఇలా గూడు కట్టుకుంటాయి. పాపకి మెదడులో కట్టుకున్నాయి. వాటి చుట్టూ వాపొస్తే మూర్ఛ వస్తుంది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అర్థం కాకపోతే బాగుండుననిపించింది.

"అంటే... ఎవరిదో... మా పిల్ల నోట్లోకి..."

"అవునమ్మా."

"కూరగాయల మీద నుంచి రావచ్చుగా? మురికినీళ్ళ తోటల్లోవి?"

"రావచ్చు. కానీ ముందు దగ్గరి చేతుల్ని చూడాలి. పాపకి నయమవుతుంది. మూర్ఛ తగ్గడానికి మందిస్తాను, తరవాత పురుగులకి. కడుపులో పురుగున్న మనిషికైతే ఇంకా తేలిక, మాత్రతో పోతుంది. ఆ మనిషి ఎవరో తెలియకపోతేనే కష్టం. నేనిక్కడ మందిస్తుంటాను, అక్కడ గుడ్లు పడుతూనే ఉంటాయి. మీ ఇంట్లో సబ్బుతో చేతులు కడుక్కుంటారా?"

నేను గర్వంగా చెప్పాను. గర్వంగానే! రోజంతా సోడాలో, బ్లీచింగ్ నీళ్ళలో నానిన చేతులు మావి. పగుళ్ళ మీద మళ్ళీ సబ్బు పడితే ప్రాణం లేచిపోతుంది. అందుకని మా ఆయన కాలం నుంచీ ఓ పద్ధతి. వంటింటి గుమ్మం పక్కన మల్లెపువ్వులాంటి తెల్ల తువ్వాలు వేలాడుతుంది. చెయ్యి నీళ్ళతో కడిగి దాని మీద అద్దాలి. మరక పడకపోతే శుభ్రం. పడితే మళ్ళీ కడగాలి. మరకలు తీసి బతికేవాళ్ళం, మాకంటే ఎవరికి తెలుసు శుభ్రం?

 చిన్నకోడలు తన అరచేతులు తిప్పి చూసుకుంది.

ఆ మాటలన్నీ చిన్నకోడలు తు.చ. తప్పకుండా బల్ల దగ్గర నిలబడి చెప్పింది. వింటూ వింటూ పెద్దకోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఛీ ఛీ! అంటే ఈ ఇంట్లో ఎవరో దానికి... తినిపించారంటావా? నోట్లో నుంచి ఆ మాట ఎలా వచ్చిందే నీకు?"

"నేననలేదక్కా. డాక్టరమ్మ..."

"దానికి ముద్దలు పెట్టేది నేను! నువ్వు చేసిందంతా కనడమే. పెంచింది నేను. ఇప్పుడు నా చెయ్యి కంపుకొడుతోందా?"

"అక్కా, నీ పేరు ఎవరెత్తారు?"

పెద్దకోడలు చటుక్కున నోరు మూసుకుంది.

పెద్దవాడు అందుకున్నాడు. "ఇదంతా తన వంశం మచ్చ మన మీదికి తొయ్యడానికి. పైగా ఆ డబ్బాలు వెళ్ళేది ఎక్కడికి? ఎవరి దుప్పట్లు ఉతికి బతుకుతున్నామో ఆ ఆస్పత్రికే! రేపు మన డబ్బాలో పురుగు తేలితే మళ్ళీ మనకి బట్టలు పంపుతారా? బుర్రా బుద్ధీ ఉందా ఎవరికైనా?"

"ఒరేయ్ పెద్దోడా," అన్నాను. "వాళ్ళ చీమూ నెత్తురూ మనం రోజూ చూస్తూనే ఉన్నాం గదా. మనది వాళ్ళు ఓ పూట చూస్తే అరిగిపోతామా?"

"నీకు తెలీదమ్మా, ఊరుకో."

"తెలీదు గనకే చెబుతున్నాను, నా డబ్బా నేను పంపుతాను. తక్కినవాళ్ళు మీ ఇష్టం."

ఇంటి పెద్దముండావిడ పంపుతానన్నాక మిగతావాళ్ళు వెనకాడతారా? పెద్దవాడొక్కడే ముఖం గంటు పెట్టుకుని దిగిపోయాడు. మర్నాడు పొద్దున చిన్నకోడలు డబ్బాలన్నీ సంచిలో వేసుకుని, నెత్తిన నిప్పులకుంపటి మోస్తున్నట్టు జాగ్రత్తగా నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. కిటికీ గట్టు మీద ఆ ఒక్కటీ ఖాళీగా ఉండిపోయింది.

పెద్దకోడలు తన డబ్బాని మారుమాట లేకుండా ఇచ్చింది. పోనీలే, మనసు కరిగింది అనుకున్నాను.

బండి రావలసిన రోజు పొద్దున నేను కింద షాపులో కూర్చుని ఊడిన గుండీలు కుడుతున్నాను. మోకాళ్ళు పోయినా వేళ్ళు పోలేదు. ఆస్పత్రి ల్యాబులో పనిచేసే అమ్మాయి తెల్లకోటు చేతి మీద వేసుకుని లోపలికొచ్చింది. కోటు ఉతకడానికి తెచ్చిందనుకుని చెయ్యి చాపాను.

"కోటుకి కాదు మామ్మా. మీతోనే పని. డబ్బాల సంగతి."

సూది వేల్లో దిగింది.

"దొరికిందా పురుగు?"

"ఇప్పటిదాకా చూసిన వాటిలో గుడ్లు లేవు. కానీ ఓ అనుమానం. మీరేమైనా మందులు వాడతారా?"

"ఒంట్లో రక్తం తక్కువని ఇనుము మాత్రలిచ్చారమ్మా. అవి తప్ప ఇంకేం లేవు."

"అందుకే మీది తారులా నల్లగా ఉంది. ముందు పేగుల్లో రక్తం పోతోందేమోనని భయపడ్డాను. పరీక్ష చేస్తే రక్తం కాదు. ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకి అలాగే ఉంటుంది." ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీ పెద్దకోడలుగారిది కూడా అంతే నల్లగా ఉంది. అంతే గట్టిగా. ఆవిడ కూడా ఇనుము మాత్రలు వేసుకుంటారా?"

చెబితే నమ్మరు గానీ, అవునని నాలుక చివరిదాకా వచ్చేసింది. అవునమ్మా, ఇద్దరం వేసుకుంటాం, అనేస్తే పోయేది. ఆ పిల్ల కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయేది.

ఎందుకంటే అప్పటికే నాకు వెలిగింది. నా మోకాళ్ళు వంగవు. గదిలోనే కుర్చీ, దాని కింద గిన్నె. రోజూ ఆ గిన్నె ఎత్తి పారబోసి కడిగేది పెద్దకోడలు. ఒక్కనాడు ముక్కు చిట్లించలేదు. సొంత కూతురైనా చేస్తుందో లేదో. ఆ పొద్దున నా డబ్బా నేను నింపుకుని మూత పెట్టుకున్నాక గిన్నె తీసుకెళ్ళింది తనే. తీసుకెళ్ళి, ఆ బుల్లి చెంచాతో...

నోరంతా చేదెక్కింది. పక్కకి తిరిగి చెత్తబుట్టలో ఉమ్మాను.

దొంగతనాలు ఎన్నో విన్నాను. నగలు పోయాయి, కోళ్ళు పోయాయి, ఆరేసిన చీరలు పోయాయి. ఇది పోతుందని, పోయినా ఎవరికో పనికొస్తుందని ఎవరనుకుంటారు?

"మామ్మా?"

"నేనొక్కదాన్నే వేసుకుంటానమ్మా," అన్నాను. పిచ్చుక తల బొమ్మలోని చుక్కలు కళ్ళ ముందు కదిలాయి. "ఈ ఇంట్లో ఆ మాత్రలు ఇంకెవరూ వేసుకోరు."

ఆ అమ్మాయి తెలివైనది. ఎందుకు, ఎలా అని అడగలేదు. కొత్త డబ్బా ఒకటి గుండీల పక్కన పెట్టింది. "ఇది మళ్ళీ పంపించండి. మనిషిది మనిషే ఇవ్వాలని చెప్పండి," అని వెళ్ళిపోయింది.

ఆవిరి గదిలో ఉంది పెద్దకోడలు. పెద్ద యంత్రం మూత కింద హోటలు వాళ్ళ బల్లగుడ్డలు పరిచి నొక్కుతోంది. పొగమంచులో నిలబడ్డట్టు ఉంది మనిషి. నేను తలుపు వేశాను.

"ఏమిటత్తయ్యా, కర్ర లేకుండా వచ్చారు? పడతారు!"

కొత్త డబ్బా యంత్రం పక్కనున్న మడతల మీద పెట్టాను.

"నాది నాకు తిరిగిచ్చెయ్యి," అన్నాను.

యంత్రం బుస్సుమంది. తను దాన్ని ఆపలేదు, మూత పైకి ఎత్తలేదు. గుడ్డ మాడుతున్న వాసన వచ్చింది. నేనే చెయ్యి చాపి మీట లాగాను.

"ఎవరు చెప్పారు?"

"నా మాత్రలు చెప్పాయి. ఎంత పని చేశావే! ఛీ, నా జన్మలో... నీకు చెయ్యెలా వచ్చింది?"

"రోజూ వచ్చే చెయ్యే కదత్తయ్యా," అంది.

 మాడిన గుడ్డ లాగి పక్కన పడేశాను.

"నీకు తెలుసు కదూ?" అన్నాను. "తెలిసే చేశావు కదూ?"

తను తల అడ్డంగా తిప్పింది, మళ్ళీ నిలువుగా ఊపింది. "కొన్నాళ్ళ నుంచి పడుతున్నాయి. తెల్లగా, పలకగా, లంగా నాడా ముక్కల్లాగా. మొదట నాడాయే అనుకున్నాను, ఉతుకులో బట్టలకి అంటుకుని వచ్చిందని. ఓసారి... కదిలింది."

"అబ్బా, చాలు."

"చాలంటే ఎలా? అడిగారుగా, వినండి! కదిలితే నీళ్ళు పోసేశాను. రోజూ పోస్తున్నాను. ఇదేదో పాడు రోగం, ఎవరికైనా తెలిస్తే నా చేతి నీళ్ళు కూడా తాగరని నోరు మూసుకున్నాను. కానీ నాకెలా తెలుస్తుంది అత్తయ్యా, అది పిల్ల తలలోకి పోతుందని? ప్రమాణంగా నాకు తెలీదు. తువ్వాలు మీద అద్దుకునేదాన్ని. ఒక్క మరక పడలేదు. మీరు నేర్పిందే కదా!"

నేను నేర్పిందే. కాపురానికొచ్చిన మొదటి రోజు ఆ తువ్వాలు దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుని అద్దించింది నేనే.

"మరి డాక్టరమ్మ మాట విన్నాక? అప్పుడు తెలిసింది కదా? తెలిసి కూడా, ఆ చిన్నదాన్ని బండెక్కించడానికి ఒప్పుకున్నావా?"

 కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో కన్నీళ్ళో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

"ఆ మాంసం ఎక్కడిదే నీకు?"

"ఆయన తెస్తారు."

"ఎవరు?"

"మీ పెద్దబ్బాయి! హోటలుకి బల్లగుడ్డల కోసం వెళ్తారుగా. వెనక వంటగది వాడు పొట్లం కడతాడు. నిప్పుల మీద అటో సెగ ఇటో సెగ చూపించింది, లోపల ఎర్రగానే ఉంటుంది. అలా ఉంటేనే రుచి అంటారు. షాపు మూశాక ఇక్కడే, ఈ గదిలోనే కూర్చుని తింటాం. వాసన ఆవిరికి పోతుందని." ఒక్క క్షణం ఆగింది. "ఆయన నాతో నవ్వుతూ మాట్లాడేది ఆ ఒక్క పూటేనత్తయ్యా. పిల్లలు పుట్టలేదన్న మాట కూడా ఆ పూట గుర్తుకురాదు ఆయనకి. మాంసం మానేద్దామంటే ఆ పూట పోతుందని..."

అసహ్యం ఎవరి మీద పడాలో తెలియక నాలోనే గిర్రున తిరిగింది. సగం కాలిన ఆ పొట్లం మీదా? దాన్ని ఎరగా పెట్టి పెళ్ళాన్ని నవ్వించే నా కొడుకు మీదా? వాడే కదా పొద్దస్తమానం వంశాలు వంశాలని పక్కవాళ్ళ నెత్తురు వాసన చూసేది!

"అత్తయ్యా, ఒక్క మాట. నాది నేను చెబుతాను. మందు వేసుకుంటాను. మళ్ళీ పిల్లకి ముద్ద పెట్టను. కానీ ఆయన పేరు మాత్రం ఎత్తకండి. ఎత్తారో..."

వీధిలో బండి హారను మోగింది.

మేమిద్దరం బయటికి వచ్చేసరికి పెద్దవాడు చిన్నకోడలి పెట్టె స్వయంగా మోసుకొచ్చి మెట్ల కింద పెడుతున్నాడు. చిన్నకోడలు పిచ్చుక చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. చిన్నవాడు షాపు తలుపుకి అతుక్కుపోయి ఉన్నాడు, మేకు కొట్టినట్టు.

"పెద్దమ్మా!" అంటూ పిచ్చుక పరుగెత్తుకొచ్చింది.

పెద్దకోడలు రెండు చేతులూ వీపు వెనక్కి దాచేసింది. పిల్ల మోకాళ్ళకి చుట్టుకుంటే అలాగే కొయ్యలా నిలబడింది.

"ఆ పెట్టె పైకి తీసుకెళ్ళండి," అంది భర్తతో.

"ఏం?"

"అది వాళ్ళ వంశంలోది కాదు. నా కడుపులోది. నా కడుపులో ఉంది ఆ పురుగు. డబ్బాలో నాది పెట్టలేదు, అత్తయ్యది దొంగిలించి పెట్టాను."

ఇస్త్రీ చేసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. బండివాడు ఇంజను ఆపి మరీ వింటున్నాడు.

తను భర్త ముఖంలోకి చూస్తోంది. నేనూ చూశాను. ఇప్పుడు అంటాడు, అనుకున్నాను. ఆ పొట్లం నేనే తెచ్చాను, తనొక్కదాన్నీ అనకండి అంటాడు. నా కడుపున పుట్టినవాడు, ఆ మాత్రం ఉండదూ అనుకున్నాను.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఛీ!" అన్నాడు. "నా ఇంట్లోనా! పంది మాంసమా! ఎక్కడ తిని వచ్చావే? ఇన్నాళ్ళూ ఆ చేత్తోనే నాకూ పెట్టావా?"

  పెద్దకోడలు నా వైపు తిరిగి, వద్దన్నట్టు తల ఊపింది.

చిన్నకోడలు ముందుకొచ్చింది. నేను కొట్టేస్తుందేమో అనుకున్నాను. కొట్టినా తప్పు పట్టను. వీపు వెనక దాచుకున్న ఆ చెయ్యిని బయటికి లాగి పట్టుకుంది.

"వదులు, ముట్టుకోకు!"

"ముట్టుకుంటే రాదక్కా, మింగితే వస్తుంది. డాక్టరమ్మ చెప్పింది వినలేదూ? పద, బండి వచ్చే ఉంది. ఆవిడ దగ్గరికే పోదాం. నీ మీద నాకున్న కోపం తరవాత తీర్చుకుంటాను, బోలెడుంది. ముందు మాత్ర మింగు."

ముగ్గురూ బండెక్కారు. పిచ్చుక మధ్యలో కూర్చుంది. పెద్దకోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటినే చూసుకుంటూ వెళ్ళింది.

బండి మలుపు తిరిగింది. పనివాళ్ళు తలలు దించుకున్నారు. ఇస్త్రీపెట్టెలు మళ్ళీ కదిలాయి.

పెద్దవాడు ముక్కు మీది చెయ్యి తీసి నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ చూశాడు. ఇంకాస్త దగ్గరగా జరిగి, గొంతు బాగా తగ్గించాడు.

"అమ్మా... అది నీతో ఇంకేమైనా చెప్పిందా?"

నేను నోరు తెరవబోయాను.

"ఇంకేమైనా అంటే ఏమిటన్నయ్యా?"

తలుపు దగ్గర నుంచి చిన్నవాడు ఎప్పుడు కదిలి వచ్చాడో, అన్న వెనకే నిలబడి ఉన్నాడు.